కరెంటు పోయినా చెరగని మెమరీని చెరపడం ఎలా

కంప్యూటర్‌లో సమాచారం రెండు చోట్ల ఉంటుందని బడిలో చదువుకున్నాం. ఒకటి ర్యామ్. పని నడుస్తున్నంతసేపే అందులో సమాచారం నిలుస్తుంది. కరెంటు పోయిందంటే అంతా ఖాళీ. రెండోది డిస్క్. కరెంటు ఉన్నా పోయినా అందులో రాసింది రాసినట్టే ఉంటుంది, కాకపోతే ర్యామ్ అంత చురుగ్గా చేతికి అందదు. 1970ల్లో సెమీకండక్టర్ ర్యామ్ వాడుకలోకి వచ్చినప్పటి నుంచి పెద్దపెద్ద సర్వర్లు కూడా ఈ విభజన మీదే నడిచాయి. 2019 ఏప్రిల్‌లో ఇంటెల్ కంపెనీ ఆప్టేన్ పర్సిస్టెంట్ మెమరీని మార్కెట్లోకి తెచ్చింది. చూడటానికి మామూలు ర్యామ్ స్టిక్ లాగే ఉంటుంది, మదర్‌బోర్డు మీద ర్యామ్ పెట్టే స్లాట్‌లోనే కూర్చుంటుంది. 128, 256, 512 జీబీల సైజుల్లో వచ్చింది. చదవడంలో మామూలు ర్యామ్ కంటే రెండు మూడు రెట్లు నెమ్మది గానీ, చిప్‌లతో చేసిన డిస్క్ ఎస్‌ఎస్‌డీ కంటే ఎన్నో రెట్లు వేగం. అసలు విశేషం ఇది: సర్వర్ ఆపేసి, స్టిక్ ఊడదీసి బీరువాలో పెట్టినా అందులో రాసింది అలాగే ఉంటుంది.

దీని వెనక ఉన్న త్రీడీ క్రాస్‌పాయింట్ అనే సాంకేతికతను ఇంటెల్, మైక్రాన్ కలిసి 2015 జులైలో ప్రకటించాయి. ఆ రెండు కంపెనీలూ 2019లో హైదరాబాద్‌లో తమ కేంద్రాలు తెరిచాయి కాబట్టి మనకు పరాయి పేర్లేమీ కావు. వ్యాపారం మాత్రం నిలబడలేదు. 2021 మార్చిలో మైక్రాన్ తప్పుకుంది. 2022 జులైలో ఇంటెల్ కూడా ఆప్టేన్‌ను మూసేస్తున్నట్టు చెప్పి, మిగిలిపోయిన సరుకు కింద 55.9 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది.

మూతపడ్డ సరుకు గురించి ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. 2019 నుంచి 2022 దాకా కంపెనీలు కొన్న సర్వర్లు ఇప్పుడు ఒక్కొక్కటిగా రిటైర్ అవుతున్నాయి. వాటిలోని ఆప్టేన్ స్టిక్‌లు సెకండ్ హ్యాండ్ బజారులోకి వస్తున్నాయి. కొత్త సరుకు రాదు గనుక, తక్కువ ధరకు ఎక్కువ మెమరీ దొరుకుతుంది గనుక, కొనేవాళ్లూ ఉన్నారు. ఆ సర్వర్లను విప్పేది ఎవరు? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి చదువుకుని హైదరాబాద్ వెళ్లి, సిస్టమ్ అడ్మిన్‌లుగా, డేటా సెంటర్ టెక్నీషియన్లుగా చేరుతున్న పిల్లలు కూడా అందులో ఉంటారు. వాళ్ల ఎదురుగా నల్ల తెర ఒకటి ఉంటుంది. దాని మీద మౌసు, బొమ్మలు ఉండవు. కమాండ్ టైప్ చేసి ఎంటర్ నొక్కితే పని అయిపోతుంది. వెనక్కి తీసుకునే బటన్ లేదు. అయిపోయిందని తెర చెప్పిన పని నిజంగా ఎంతవరకు అయిందో తెలియకపోవడం అంతకన్నా ప్రమాదం. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రెండో ప్రమాదం గురించి.

మిర్యాలగూడ వైపు వాళ్లకు రైస్ మిల్లు గోదాము తెలుసు. ఏ వరుసలో ఎవరి ధాన్యం ఎన్ని బస్తాలు ఉందో స్టాకు రిజిస్టర్‌లో రాసి ఉంటుంది. ఆ రిజిస్టర్‌లో ఒక పేజీ చింపేశారనుకోండి. లెక్క ప్రకారం ఆ సరుకు లేదు. గుమస్తాను అడిగితే ఆ వరుస ఖాళీ అనే చెబుతాడు. గోదాములోకి నడిచి వెళ్తే మాత్రం బస్తాలు పేర్చినవి పేర్చినట్టే ఉంటాయి. కొత్త లోడు వచ్చి వాటిని తీసి వేరేవి పెట్టేదాకా అవి అక్కడే. కంప్యూటర్‌లో డిలీట్ అంటే దాదాపు ఎప్పుడూ ఆ పేజీ చింపడమే. ఎందుకిలా పెట్టారంటే వేగం కోసం. వంద జీబీల ఫైలును నిజంగా చెరపాలంటే వంద జీబీలూ తిరిగి రాయాలి, పేజీ చింపడానికి క్షణం చాలు.

పర్సిస్టెంట్ మెమరీలో ఇలాంటి రిజిస్టర్లు ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటిగా నాలుగైదు ఉంటాయి. అందుకే ఏ కమాండ్ ఏ రిజిస్టర్‌ను ముట్టుకుంటుందో తెలుసుకోవాలి.

అట్టడుగున స్టిక్‌లు. వాటిని డిమ్‌లంటారు. కొన్ని డిమ్‌లను కలిపి ఒకే పెద్ద జాగాగా చూపిస్తే అది రీజియన్. రీజియన్‌లోంచి కొంత భాగం విడగొట్టి పేరు పెడితే నేమ్‌స్పేస్. దాని మీద మామూలు డిస్క్ మీద లాగే ఎక్స్‌ఎఫ్‌ఎస్ లేదా ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ వేసుకోవచ్చు. ఫైల్ సిస్టమ్ లేకుండా నేరుగా వాడే పద్ధతీ ఉంది, దాన్ని డివైస్ డ్యాక్స్ అంటారు. అన్నిటికంటే పైన పూల్. ఒక ప్రోగ్రామ్ తన సమాచారాన్ని దాచుకోవడానికి తీసుకున్న జాగా అది. ఇంటెల్ ఉచితంగా ఇచ్చిన పీఎండీకే అనే లైబ్రరీల సమూహం ఈ పూల్‌లను నడుపుతుంది, అందులోనే పీమెమ్‌పూల్ అనే కమాండ్ ఉంటుంది. పూల్ చిన్నదైతే ఒకే ఫైలు. పెద్దదైతే చాలా ముక్కలుగా, కొన్నిసార్లు అచ్చం అలాంటి నకళ్లతో సహా, వేర్వేరు చోట్ల ఉంటుంది. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే చిన్న టెక్స్ట్ ఫైలును పూల్‌సెట్ అంటారు.

పూల్ తీసేయడానికి కమాండ్ పీమెమ్‌పూల్ ఆర్‌ఎం. ఆర్‌ఎం అంటే లైనక్స్‌లో ఎప్పటి నుంచో ఉన్న, ఫైలు తీసేసే ఆజ్ఞే. దాని పక్కన పూల్ ఫైలు పేరిస్తే ఆ ఫైలు పోతుంది. పూల్‌సెట్ పేరిస్తే అందులో రాసి ఉన్న ముక్కలన్నీ, నకళ్లన్నీ పోతాయి. పూల్‌సెట్ ఫైలు మాత్రం ఉండిపోతుంది. దాన్ని కూడా తీయమని విడిగా చెప్పాలి. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. పూల్‌సెట్ ఇంకా కనిపిస్తోంది కాబట్టి డేటా పోలేదనుకుంటారు, రెండోసారి కమాండ్ కొడతారు. ఆ కంగారులోనే ఎన్నో తప్పులు జరుగుతాయి. పూల్‌సెట్ పేరుకు బదులు పక్కన ఉన్న మరో పూల్ పేరు పడొచ్చు, లేదా అసలేమీ అడగకుండా తీసేయమని చెప్పే మైనస్ ఎఫ్ తోడు కావచ్చు. మైనస్ ఎఫ్ కు ఎదురుగా మైనస్ ఐ ఉంది. అది ప్రతి ఫైలుకూ ఆగి, తీసేయమంటావా అని అడుగుతుంది. ముక్కలు ఎక్కువున్నప్పుడు విసుగ్గా ఉంటుంది, నిజమే. అయినా బతికున్న సర్వర్ మీద పని చేసేటప్పుడు ఆ విసుగును భరించడమే ఉద్యోగ ధర్మమని నేననుకుంటాను. దానికి ముందు పీమెమ్‌పూల్ ఇన్ఫో కొట్టి ఈ పూల్ ఏ రకానిది, ఎంత సైజుది, పేరేమిటి అని ఒకసారి చూసుకోవడం ఇంకా మంచిది.

సరే, పీమెమ్‌పూల్ ఆర్‌ఎం పని ముగించింది. ఏం చెరిగింది? పూల్ ఒక ఫైలైతే, ఫైల్ సిస్టమ్ తన పట్టికలోంచి ఆ పేరు కొట్టేసింది. డివైస్ డ్యాక్స్ మీద ఉంటే కొట్టేయడానికి ఫైలే లేదు కాబట్టి ఆ జాగా మొదట్లో ఉన్న కొద్ది భాగాన్ని సున్నాలతో నింపుతుంది. పూల్ తల అక్కడే ఉంటుంది. తల లేకపోతే ప్రోగ్రామ్ దాన్ని పూల్‌గా గుర్తుపట్టదు. మిగిలిన శరీరమంతా, అంటే వందల జీబీల ఖాతాలూ పేర్లూ నంబర్లూ, స్టిక్‌లో అలాగే కూర్చుని ఉంటాయి.

తర్వాతి మెట్టు నేమ్‌స్పేస్. ఎన్‌డీసీటీఎల్ అనే సాధనంలో డిస్ట్రాయ్ నేమ్‌స్పేస్ అనే ఆజ్ఞ ఉంది. డిస్ట్రాయ్ అన్న మాట చూసి సర్వం నాశనమైపోతుందని భయపడతాం, లేదా ధీమా పడతాం. రెండూ అవసరం లేదు. ఇది నేమ్‌స్పేస్ లేబుల్‌నూ, దాని వివరాలున్న చిన్న బ్లాక్‌నూ తీసేస్తుంది, అంతే. దీన్ని రాసినవాళ్లు ఒక మంచి పని చేశారు. నేమ్‌స్పేస్ వాడుకలో ఉంటే ఆజ్ఞ నిరాకరిస్తుంది. ఫోర్స్ అని జతచేస్తే ముందు దాన్ని వాడుకలోంచి తప్పించి ఆ తర్వాత తీసేస్తుంది. దాని మీది ఫైల్ సిస్టమ్ ఇంకా మౌంట్ అయి (వాడకానికి జతచేసి) ఉంటే మాత్రం ఫోర్స్ అన్నా ఒప్పుకోదు. ఈ అడ్డును విసుక్కునేవాళ్లను చూశాను. నాకైతే అది కాపలా లాగే కనిపిస్తుంది. అది ఆపిందంటే ఎక్కడో ఏదో ప్రోగ్రామ్ ఆ జాగాను ఇంకా వాడుకుంటోందని అర్థం. దాన్ని వెతికి ఆపించి, అన్‌మౌంట్ చేసి, అప్పుడు మళ్లీ రావాలి.

వరుస ఎప్పుడూ పైనుంచి కిందికే. ముందు ప్రోగ్రామ్ ఆపాలి. పూల్ తీయాలి. ఫైల్ సిస్టమ్ అన్‌మౌంట్ చేయాలి. నేమ్‌స్పేస్ తీయాలి. ఆ తర్వాతే డిమ్ దగ్గరకు పోవాలి.

నిజమైన చెరపడం డిమ్ దగ్గరే జరుగుతుంది. ఎన్‌డీసీటీఎల్‌లో దీనికి శానిటైజ్ డిమ్ అనే ఆజ్ఞ ఉంది, అందులో రెండు దారులున్నాయి. మొదటిది క్రిప్టో ఎరేజ్. ఆప్టేన్ స్టిక్ తనలో రాసే ప్రతిదాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే కీ లేనివాళ్లకు అర్థం కాని రూపంలోకి మార్చే రాస్తుంది. విప్పే కీ స్టిక్‌లోనే ఉంటుంది. క్రిప్టో ఎరేజ్ ఆ కీని మార్చేస్తుంది. పాత సమాచారం అక్షరాలా అక్కడే ఉంటుంది గానీ, పాత కీ లేనందువల్ల అర్థంలేని గజిబిజిగా మిగిలిపోతుంది. నిమిషంలో పని అయిపోతుంది. ఒక చిన్న మాట గుర్తుంచుకోవాలి: ఇది లేబుల్ సమాచారాన్ని ముట్టుకోదు. రెండో దారి ఓవర్‌రైట్. స్టిక్ మొత్తాన్ని, లేబుల్‌తో సహా, తిరిగి రాసి చెరిపేస్తుంది. సైజును బట్టి పదుల నిమిషాల నుంచి చాలా గంటల దాకా పట్టొచ్చు. పైగా ఆజ్ఞ ఇవ్వగానే తెర మీద ప్రాంప్ట్ వెనక్కి వచ్చేస్తుంది. పని అయిపోయిందనిపిస్తుంది. అప్పటికి స్టిక్‌కు ఆజ్ఞ అందింది, అంతే. చెరపడం లోపల నడుస్తూనే ఉంటుంది. అది పూర్తయ్యేదాకా ఆగడానికి వెయిట్ ఓవర్‌రైట్ అని వేరే ఆజ్ఞ ఇవ్వాలి. రెండు దారుల్లో దేనికైనా ముందు, ఆ డిమ్ మీద ఆధారపడ్డ రీజియన్లను డిసేబుల్ చేయాలి.

ఎన్‌క్రిప్షన్ ఎలాగూ ఉంది కదా, చెరపకుండా అమ్మేస్తే ఏమవుతుంది అని అడగొచ్చు. తాళం ఉంది గానీ, పాస్‌ఫ్రేజ్ పెట్టకపోతే కరెంటు రాగానే స్టిక్ తన తాళం తానే తీసుకుంటుంది. ఎవరి సర్వర్‌లో పెట్టినా అంతే. ఆప్టేన్‌ను మెమరీ మోడ్‌లో వాడినప్పుడు సంగతి వేరు. అందులో ప్రతిసారీ ఆపి వెలిగించినప్పుడు కీ కొత్తదవుతుంది కాబట్టి అది మామూలు ర్యామ్ లాగే ప్రవర్తిస్తుంది. సమాచారం నిలిచి ఉండేది యాప్ డైరెక్ట్ మోడ్‌లో. ఏ స్టిక్ ఏ మోడ్‌లో పనిచేసిందో తెలియకుండా, ర్యామే కదా, కరెంటు తీస్తే పోతుందిలే అని డబ్బాలో వేయడం వల్లే ముప్పు వస్తుంది.

ఈ జాగ్రత్త అతి కాదనడానికి పాత దాఖలాలున్నాయి. 2003లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ ఒక అధ్యయనం ప్రచురించారు. సెకండ్ హ్యాండ్ బజారులో 158 హార్డ్ డిస్క్‌లు కొన్నారు. అందులో 129 పనిచేశాయి. పద్ధతిగా చెరిపినవి 12 మాత్రమే. మిగిలినవాటిలో వేల క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్యానికి సంబంధించిన వివరాలు, సొంత ఉత్తరాలు దొరికాయి. అందులో ఒకటి ఏటీఎంలో వాడిన డిస్క్. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో పరిశోధకులు ఎస్‌ఎస్‌డీల మీద చూశారు. ఒక ఫైలును మాత్రమే చెరిపే పద్ధతులు వాడితే, ఆ ఫైలులో 4 నుంచి 75 శాతం దాకా ఇంకా చిప్‌లో మిగిలే ఉంది. ఎస్‌ఎస్‌డీ తన అరుగుదలను తగ్గించుకోవడానికి కొత్త రాతను కొత్త చోట రాస్తుంది, పాతది పాతచోటే ఉంటుంది. అందుకే మీద మీద పదిసార్లు రాసే పాత చిట్కాలు ఎస్‌ఎస్‌డీ మీద నమ్మదగ్గవి కావు.

డబ్బు లెక్కలో చూడాలంటే మోర్గాన్ స్టాన్లీ ఉదంతం ఉంది. ఆ అమెరికా ఆర్థిక సంస్థ తన పాత సర్వర్లను, డిస్క్‌లను వదిలించుకునే పనిని డేటా చెరిపే అనుభవమే లేని, సామాన్లు తరలించే కంపెనీకి అప్పగించింది. వాటిలో కొన్ని ఖాతాదారుల వివరాలతో సహా ఇంటర్నెట్ వేలంలో తేలాయి. 2022 సెప్టెంబర్‌లో అక్కడి సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. దాదాపు కోటిన్నర మంది ఖాతాదారుల సమాచారాన్ని కాపాడలేకపోయారన్నది అభియోగం. అక్కడ సాంకేతికత లోపించలేదు. చెరిపేశామని ఎవరో ఒకరు చెప్పగా, చెరిగిందా అని ఎవరూ చూడలేదు.

మన ఊళ్లలో ఆప్టేన్ సర్వర్లు ఉండవు. కానీ చెరగాల్సిన సమాచారం మాత్రం మెండుగా ఉంటుంది. కోదాడలో బస్టాండు పక్కన ఏ నెట్ సెంటర్‌కు వెళ్లినా ఆధార్ కార్డు, పట్టాదారు పాస్ పుస్తకం, పదో తరగతి మెమో స్కాన్ చేసి అప్‌లోడ్ చేస్తారు. ఆ స్కాన్‌లు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పేరుకుపోతాయి. మిల్లు కంప్యూటర్‌లో రైతుల పేర్లూ బ్యాంకు ఖాతా నంబర్లూ ఉంటాయి. సూర్యాపేట ఆస్పత్రుల్లో స్కానింగ్ మిషన్ పక్కన ఉన్న కంప్యూటర్‌లో రోగుల రిపోర్టులుంటాయి. ఆ కంప్యూటర్ పాతబడ్డాక ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేస్తారు, లేదా తూకానికి అమ్మేస్తారు. రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, మహా అయితే క్విక్ ఫార్మాట్ కొట్టి ఇస్తారు. క్విక్ ఫార్మాట్ కూడా పట్టికను మాత్రమే కొత్తగా వేస్తుంది.

వీళ్లకు నల్ల తెర అక్కర్లేదు. పైన చెప్పిన కీ సూత్రమే వీళ్లకూ పనికొస్తుంది. కొత్తగా వచ్చే ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో ఆండ్రాయిడ్ 10 నుంచి ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. ఐఫోన్లలో అంతకు ముందు నుంచే ఉంది. అలాంటి ఫోన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ అంటే కీని పారేయడమే, కాబట్టి అమ్మే ముందు ఫోటోలు ఒక్కొక్కటి డిలీట్ చేసుకుంటూ కూర్చోవడం కంటే రీసెట్ నయం. మెమరీ కార్డు, పెన్ డ్రైవ్ అలా కావు, వాటిని ఫోన్‌తో పాటు ఇచ్చేయకండి. విండోస్ కంప్యూటర్‌లో రీసెట్ చేసేటప్పుడు డ్రైవ్‌ను శుభ్రం చేయమనే ఎంపిక ఒకటుంటుంది. గంటలు పట్టినా దాన్నే ఎంచుకోవాలి. కొత్త కంప్యూటర్ కొన్న రోజే బిట్‌లాకర్ లాంటి ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసుకుంటే, అమ్మే రోజు సగం పని ముందే అయిపోయినట్టు. పాత హార్డ్ డిస్క్ చెడిపోయి తెరుచుకోకపోతే కంప్యూటర్‌ను అమ్మండి గానీ డిస్క్ ఊడదీసి దగ్గర పెట్టుకోండి, లేదా పలకలు పగిలేలా కొట్టించండి. మనకు తెరుచుకోని డిస్క్‌ను తెరవగలిగినవాళ్లు బయట ఉన్నారు.

చట్టం ఇక్కడ రెండు వైపుల నుంచి వస్తుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఏ పని కోసం ఒకరి వివరాలు తీసుకున్నారో ఆ పని తీరాక, వేరే చట్టం ఉంచమంటే తప్ప, వాటిని చెరిపేయాలంటుంది. తన వివరాలు తీసేయమని అడిగే హక్కు మనిషికి ఇస్తుంది. డేటాకు తగిన రక్షణ కల్పించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉండొచ్చు. దీని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. రెండో వైపు నుంచి జీఎస్టీ చట్టం, ఖాతాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు ఉంచమంటుంది. వైద్యుల నియమావళి రోగి రికార్డులను మూడేళ్లు భద్రపరచమంటుంది. కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. కాబట్టి మిల్లు యజమాని పాత కంప్యూటర్ అమ్మే ముందు చేయాల్సిన మొదటి పని చెరపడం కాదు. ఖాతాలను మరో చోట దాచి, దాచింది తెరుచుకుంటోందో లేదో చూసుకుని, ఆ తర్వాత చెరపాలి. డేటా సెంటర్‌లో పూల్ తీసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పూల్‌సెట్‌లో నకలు ఉంది కదా అని దాన్ని బ్యాకప్‌గా లెక్క వేసుకుంటే, పీమెమ్‌పూల్ ఆర్‌ఎం ఆ నకలును కూడా అసలుతో పాటే తీసుకుపోతుంది.

ఈ రంగంలోకి ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్న పిల్లలకు చివరిగా కొన్ని పనులు చెబుతాను. ఏ కమాండ్ కొట్టే ముందైనా ఎన్‌డీసీటీఎల్ లిస్ట్‌తో ఉన్నవన్నీ చూసుకుని, ఆ తెరను ఒక ఫైలులో దాచుకోండి. ప్రతి స్టిక్ సీరియల్ నంబర్ రాసుకోండి. క్రిప్టో ఎరేజ్ చేశారా, ఓవర్‌రైట్ చేశారా, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో ఆ నంబర్ పక్కనే రాయండి. ముగిశాక సర్వర్‌ను ఒకసారి మళ్లీ వెలిగించి, పాత జాగా మొదట్లోనూ మధ్యలోనూ చివరలోనూ కొంత చదివి చూడండి. పాత పేర్లు, పాత అంకెలు ఎక్కడా కనిపించకూడదు. ఆ కాగితం మీద పని చేసినవాళ్లు ఒకరు, చూసినవాళ్లు మరొకరు సంతకం పెట్టాకే స్టిక్ గది దాటాలి.